పాత పోకో ఎఫ్1 ఇప్పుడు కొనొచ్చా? కొనొచ్చు, కానీ బ్యాంకు సిమ్ అందులో వేయకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బీటెక్ రెండో ఏడాదిలో ఉన్నారు. తెలిసినవాళ్ల దగ్గర పోకో ఎఫ్1, 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ ఉన్నది, 4,500 రూపాయలకు వస్తోంది. రూట్ చేయడం (ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకోవడం), కస్టమ్ రోమ్‌లు (కంపెనీది కాకుండా బయటి డెవలపర్లు చేసిన ఆండ్రాయిడ్) వేయడం నేర్చుకోవాలని ఉంది. అదే ఫోన్ రోజువారీ వాడకానికి కూడా సరిపోతుందా, లేక ఇంకొంచెం డబ్బు వేసి పది వేలలో కొత్త 5జీ ఫోన్ తీసుకోవడం మంచిదా?

నా జవాబు: చేతిలో పనిచేసే ఫోన్ ఇంకొకటి ఉంటే కొనండి. ఇదొక్కటే మీ ఫోన్ కాబోతుంటే వద్దు. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసేది, మెస్ బిల్లు కట్టేది, ఓటీపీలు వచ్చేది ఒకే ఫోన్‌లో, ప్రయోగాలు చేసేదీ అందులోనే అంటే మాత్రం పరీక్షల ముందు రోజే టెన్షన్ మొదలవుతుంది. మాది మొబైల్ సర్వీస్ షాపు. ఎక్కువగా సాఫ్ట్‌వేర్ పని నేనే చూస్తాను. పాత ఫోన్ కొన్నందుకు బాధపడి వచ్చినవాళ్లు తక్కువ. దాంట్లో అన్నీ పెట్టుకుని, ఒక రాత్రి ఫ్లాష్ చేసి (కొత్త సిస్టమ్ ఎక్కించి), పొద్దున్నే పరుగెత్తుకొచ్చినవాళ్లే ఎక్కువ.

అందరూ మొదట "ప్రాసెసర్ పాతది కదా" అంటారు. అసలు సమస్య అది కాదు. ఈ ఫోన్ 2018 ఆగస్టులో మన దేశంలో 20,999 రూపాయల ప్రారంభ ధరతో వచ్చింది. అదే స్నాప్‌డ్రాగన్ 845 చిప్ ఉన్న వన్‌ప్లస్ 6 అప్పుడు 34,999. ప్లాస్టిక్ వెనుక మూత, ఎల్‌సీడీ డిస్‌ప్లే, ఎన్‌ఎఫ్‌సీ తీసేయడం, ఇలాంటి చోట్ల డబ్బు మిగిల్చారు గానీ చిప్, స్టోరేజ్ దగ్గర పిసినారితనం చేయలేదు. స్టోరేజ్ యూఎఫ్‌ఎస్ 2.1 అనే వేగమైన రకం. ఇవాళ ఎనిమిది, పది వేలలో వచ్చే కొత్త ఫోన్లలో ఇంకా ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజ్ ఉన్నవి చాలానే ఉన్నాయి. కొత్త యాప్ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. వాట్సాప్, యూట్యూబ్, బ్రౌజర్, పీడీఎఫ్‌లు, వీటికి 845 ఇప్పటికీ చాలు.

కెమెరా గురించి మీరు అడగలేదు కానీ ఒక మాట. ఇందులోని 12 మెగాపిక్సెల్ సెన్సర్ సోనీ ఐఎంఎక్స్363. గూగుల్ పిక్సెల్ 3లో ఉన్నదీ అదే. అందుకే గూగుల్ కెమెరా పోర్టులు (పిక్సెల్ కెమెరా యాప్‌ను వేరే ఫోన్లకు మలిచినవి) ఈ ఫోన్‌లో అంత బాగా కుదిరాయి. పగటి వెలుతురులో తీసిన ఫొటో చూస్తే పాత ఫోన్ అని ఎవరూ అనరు.

ఇక నేర్చుకోవడానికి ఇదెందుకు మంచిదో చెబుతాను. బూట్‌లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్, దీని లాక్ తీస్తేనే వేరే రోమ్ ఎక్కుతుంది) తెరుచుకోవడానికి కంపెనీయే దారి పెట్టింది. తెరిస్తే వారంటీ పోదని అప్పట్లో ప్రకటించింది కూడా. కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే సిస్టమ్ కేంద్ర భాగం) సోర్స్ కోడ్ కూడా ఆలస్యం చేయకుండా ఇచ్చింది. కంపెనీ అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 10, ఎంఐయూఐ 12 (షావోమీ, పోకో ఫోన్లలో వచ్చే ఆండ్రాయిడ్ రూపం) దగ్గర ఆగిపోయినా డెవలపర్లు దీన్ని ఆండ్రాయిడ్ 15 దాకా లాక్కొచ్చారు.

దీనికంటే ముఖ్యమైన సంగతి చిప్‌లో ఉంది. మామూలుగా ఫోన్ కంపెనీ ఒక పాత లినక్స్ కెర్నల్ తీసుకుని, దాని మీద తన మార్పులు వేసి, ఫోన్ అమ్ముడైపోయాక అక్కడే వదిలేస్తుంది. పోకో ఎఫ్1 వచ్చింది 4.9 కెర్నల్‌తో. కానీ ఇదే 845తో క్వాల్‌కామ్ డెవలపర్ల కోసం డ్రాగన్‌బోర్డ్ 845సి అనే బోర్డు తెచ్చింది. దాన్ని నడిపించే పనిలో లినారో అనే సంస్థ ఇంజనీర్లు, బయటి ఔత్సాహికులు కలిసి ఈ చిప్ డ్రైవర్లను అసలు లినక్స్ కెర్నల్‌లోకే చేర్చారు. ఫోన్‌లో ఏ భాగం ఎక్కడ కలిసిందో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు, బెరీలియం అనే కోడ్‌నేమ్‌తో పోకో ఎఫ్1ది కూడా అందులో ఉంది. అందుకే దీని మీద పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ లాంటి నిఖార్సైన లినక్స్ నడుస్తుంది, ఉబుంటు టచ్ నడుస్తుంది. రెనిగేడ్ ప్రాజెక్టు వాళ్లు విండోస్ కూడా ఎక్కించారు. విండోస్ ఎక్కించడం వల్ల ఉపయోగమేమీ లేదు, సరదాకే. కానీ కెర్నల్ కంపైల్ చేయడం, డివైస్ ట్రీ చదవడం, బూట్ లాగ్ చూసి ఎక్కడ ఆగిందో పట్టుకోవడం, ఇవి రేపు ఎంబెడెడ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగే విషయాలు. వీటిని 4,500 రూపాయల్లో నేర్పే బోర్డు బజారులో ఇంకొకటి నాకు కనిపించలేదు. దీనికి డిస్‌ప్లే, బ్యాటరీ, వైఫై అన్నీ లోపలే ఉన్నాయి.

పది వేల కొత్త ఫోన్‌లో ఈ పని జరగదు. ఆ ధరలో యూనిసాక్ చిప్ ఫోన్లకు కస్టమ్ రోమ్‌లు చేసేవాళ్లు దాదాపు లేరు. పెద్ద కంపెనీలు కూడా ఒక్కొక్కటే తలుపులు మూస్తున్నాయి. సామ్‌సంగ్ 2025లో వచ్చిన తన ఆండ్రాయిడ్ రూపం వన్ యూఐ 8తో బూట్‌లోడర్ అన్‌లాక్ ఆప్షనే తీసేసింది. షావోమీలో ఎంఐయూఐ స్థానంలో హైపర్‌ఓఎస్ వచ్చాక అన్‌లాక్‌కు అనుమతి దొరకడమే పెద్ద తతంగం. పాత ఫోన్లకు గిరాకీ తగ్గకపోవడానికి ఇదే కారణం.

ఇప్పుడు డబ్బు యాప్‌ల సంగతి. మీ ప్రశ్నలో అసలు ముడి ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

బ్యాంకు యాప్ తెరిచినప్పుడు అది ప్లే ఇంటెగ్రిటీ అనే వ్యవస్థ ద్వారా గూగుల్‌ను ఒక ప్రశ్న అడగవచ్చు: ఈ ఫోన్ కంపెనీ ఇచ్చిన స్థితిలోనే ఉందా? జవాబులో మూడు మెట్లు ఉంటాయి: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. బూట్‌లోడర్ తెరిచి ఉంటే ఆ విషయాన్ని చిప్ లోపలి భద్రమైన భాగమే సంతకం పెట్టి చెబుతుంది. పైపైన సాఫ్ట్‌వేర్‌తో దాచడం కష్టం. ఒకప్పుడు మధ్య మెట్టుకు ఈ హార్డ్‌వేర్ సాక్ష్యం అక్కర్లేకుండా పోయేది. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లలో దానికీ అడుగుతున్నారు. పై మెట్టుకైతే ఏడాది లోపు సెక్యూరిటీ ప్యాచ్ కూడా ఉండాలి. ఏ మెట్టు దగ్గర ఆపాలన్నది యాప్ ఇష్టం. అందుకే ఒకే ఫోన్‌లో ఒక యూపీఐ యాప్ పనిచేస్తుంది, ఇంకొకటి తెరుచుకోదు.

"మ్యాజిస్క్ మాడ్యూల్ వేస్తే పనిచేస్తుంది కదా" అని మీ స్నేహితులు అంటారు (మ్యాజిస్క్ అంటే రూట్ చేసే టూల్). పనిచేస్తుంది, కొంతకాలం. ఆ మాడ్యూళ్లు చేసేది మీ ఫోన్‌ను ఇంకో ఫోన్‌గా చూపించడం, లేదా ఎక్కడో లీకైన కీలను వాడటం. గూగుల్ ఆ కీలను రద్దు చేస్తూ పోతుంది, వీళ్లు కొత్తవి వెతుకుతూ పోతారు. మధ్యలో మీ పేమెంట్ ఆగుతుంది. మా దగ్గరికి వచ్చే ఒక డెలివరీ కుర్రాడికి స్నేహితుడు ఇలాగే సెట్ చేసి ఇచ్చాడు. నెలలపాటు ఏ గొడవా లేదు. ఒకరోజు సాయంత్రం పెట్రోల్ బంకులో ట్యాంకు నింపించాక యాప్ తెరుచుకోలేదు, జేబులో నగదు లేదు. మర్నాడు షాపుకొచ్చి "అన్నా, మళ్లీ లాక్ చేసెయ్" అన్నాడు.

ఆ లాక్ చేయడంలోనూ ఒక ప్రమాదం ఉంది. షావోమీ, పోకో ఫోన్లలో కస్టమ్ రోమ్ ఉండగా బూట్‌లోడర్ లాక్ చేస్తే ఫోన్ బూట్ కాదు. ముందు కంపెనీ ఫర్మ్‌వేర్ (ఫోన్‌తో వచ్చే అసలు సాఫ్ట్‌వేర్) పూర్తిగా ఎక్కించి, ఆ తర్వాతే లాక్ చేయాలి. దీనికి తోడు, కంప్యూటర్ నుంచి దాన్ని ఎక్కించే మి ఫ్లాష్ టూల్ కింది వరుసలో మామూలుగా టిక్ పెట్టి ఉండేది "అన్నీ తుడిచి లాక్ చెయ్యి" అన్న ఆప్షనే. చూడకుండా ఫ్లాష్ బటన్ నొక్కినవాళ్ల ఫోన్లు తెలియకుండానే లాక్ అయిపోతాయి. మళ్లీ అన్‌లాక్ కోసం ఖాతా కలపడం, కొన్ని రోజులు ఆగడం మామూలే.

కంపెనీ ఎంఐయూఐ మీదే, లాక్ తీయకుండా వాడితే? డబ్బు యాప్‌లు ఇప్పటికి చాలావరకు నడుస్తాయి. కానీ అది సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎప్పుడో ఆగిపోయిన ఆండ్రాయిడ్ 10. అందులో బ్యాంకు ఖాతా పెట్టమని నేను ఎవరికీ చెప్పను. కస్టమ్ రోమ్ వేస్తే ఆండ్రాయిడ్ భాగానికి కొత్త ప్యాచ్‌లు వస్తాయి గానీ మోడెమ్, బూట్‌లోడర్ లాంటి క్వాల్‌కామ్, షావోమీ ఫర్మ్‌వేర్ మాత్రం పాతదే ఉంటుంది. లినేజ్ఓఎస్ అనే కస్టమ్ రోమ్ ఈ విషయాన్ని దాచదు. సెట్టింగ్స్‌లో ట్రస్ట్ అనే చోట ప్లాట్‌ఫామ్ ప్యాచ్, వెండర్ ప్యాచ్ అని విడివిడిగా చూపిస్తుంది.

కాల్స్ విషయం. జియోకు 2జీ, 3జీ లేవు, కాబట్టి వోల్టే (4జీ మీద వాయిస్ కాల్) లేకపోతే కాల్ లేనట్టే. ఆండ్రాయిడ్ కస్టమ్ రోమ్‌లలో ఈ ఫోన్‌కు వోల్టే పనిచేస్తుంది, ఎందుకంటే అవి కంపెనీ మోడెమ్ ఫైళ్లనే వాడతాయి. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ లాంటి లినక్స్ వేస్తే అక్కడ వోల్టేను నమ్ముకోలేం. ఎయిర్‌టెల్ సిమ్ అయితే కాల్ వచ్చినప్పుడు 2జీకి దిగి మాట్లాడొచ్చు, జియో సిమ్‌తో ఆ దారి కూడా లేదు. 5జీ ఎలాగూ ఈ చిప్‌లో లేదు.

హార్డ్‌వేర్‌కు వద్దాం. స్పేర్ల విషయంలో ఇది పాత స్ప్లెండర్ బండి లాంటిది, ఏ ఊళ్లోనైనా ఏదో ఒక కొట్టులో దొరుకుతుంది. హైదరాబాద్‌లో అయితే అబిడ్స్ జగదీశ్ మార్కెట్, కోఠి గుజరాతీ గల్లీ తిరిగితే చాలు. వెనుక మూత క్లిప్పులతో ఉంటుంది, అద్దం కాదు, కాబట్టి విప్పడం తేలిక. ఒక్కటే జాగ్రత్త: ఫింగర్‌ప్రింట్ సెన్సర్ ఆ మూతకే ఉంటుంది. దాని సన్నటి స్ట్రిప్ లోపలి బోర్డుకు కలిసి ఉంటుంది. మూతను ఒక్కసారిగా లాగితే స్ట్రిప్ తెగుతుంది.

బ్యాటరీ మార్పించడం ఖర్చులో భాగమే అనుకోండి. 2018, 2019 నాటి బ్యాటరీ ఇంకా బాగుందని అమ్మేవాళ్లు చెబితే నవ్వి ఊరుకోండి. మోడల్ నంబర్ బీఎం4ఈ, 4000 ఎంఏహెచ్. "ఒరిజినల్" అని స్టిక్కర్ వేసిన నకిలీలు బోలెడు. బరువు తక్కువగా ఉండి, 4000 బదులు ఇంకా పెద్ద అంకె రాసి ఉంటే తీసుకోవద్దు. అదే సైజు డబ్బాలో ఎక్కువ కెపాసిటీ ఊరికే రాదు. మూత అంచు దగ్గర సందు కనిపించినా, డిస్‌ప్లే మధ్యలో నొక్కితే రంగు మారినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటి పీసును చార్జింగ్ పెట్టి చూడటం కూడా వద్దు. మన ఎండాకాలంలో ఇది మాటవరసకు చెప్పే జాగ్రత్త కాదు.

కాబట్టి 4,500 అనేది అసలు ధర కాదు. మంచి బ్యాటరీ, కూలీ కలిపి ఇంకో వెయ్యి అటూ ఇటూ వేసుకోండి. డిస్‌ప్లే కాంబో (తెర, టచ్ కలిసిన భాగం) కూడా పోయిందంటే లెక్క దాటిపోతుంది. డిస్‌ప్లేలో తేడా ఉంటే ధర తగ్గించినా తీసుకోకండి. బజారులో దొరికే కాంబోల్లో చాలావాటికి వెలుతురు తక్కువ, టచ్ కూడా అంత బాగుండదు. ఈ మోడల్‌కు కంపెనీయే టియాన్మా, ఈబీబీజీ అని రెండు రకాల ప్యానెళ్లు వాడింది. మెయిన్‌లైన్ (అంటే అసలు కెర్నల్ ఉన్న) లినక్స్ వేసేటప్పుడు సరైన రకం ఎంచుకోకపోతే తెర నల్లగానే ఉంటుంది. మూడో రకం నకిలీ కాంబో వేసి ఉంటే ఇంకెంత తలనొప్పో ఊహించుకోండి.

చూడటానికి వెళ్లినప్పుడు చార్జర్ వెంట తీసుకెళ్లండి. చార్జింగ్ ఎక్కుతుండగానే నోట్స్ లాంటి యాప్ తెరిచి, వేలు ఎత్తకుండా తెరంతా గీతలు గీయండి. గీత తెగినా, తాకకుండానే ఏదో నొక్కుకుపోయినా వదిలేయండి. టచ్ దానంతటదే పనిచేయడం ఈ మోడల్‌లో చాలామంది చూసిన జబ్బు. రెండు సిమ్‌లూ వేసి కాల్ చేయండి. *#06# కొట్టి రెండు ఐఎంఈఐలు (ఫోన్ గుర్తింపు నంబర్లు) వస్తున్నాయో లేదో చూడండి. ఆ నంబర్‌ను కేవైఎం అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి రాసి 14422కు ఎస్సెమ్మెస్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే చూడొచ్చు. దొంగిలించినదిగా బ్లాక్ అయి ఉంటే అక్కడే తెలుస్తుంది. తెలిసినవాళ్లే అమ్ముతున్నా ఇది చేయండి, వాళ్లు ఎవరి దగ్గర కొన్నారో మీకు తెలియదు కదా. తర్వాత వాళ్ల చేతే గూగుల్ ఖాతా, మి (షావోమీ) ఖాతా రెండూ తీసేయించండి. మి ఖాతా మిగిలిపోతే రీసెట్ చేసిన వెంటనే ఫోన్ వాళ్ల పాస్‌వర్డ్ అడుగుతుంది.

స్విచాఫ్ చేసి ఆన్ చేసినప్పుడు పోకో లోగో కింద అన్‌లాక్డ్ అన్న మాట కనిపిస్తే బూట్‌లోడర్ ఇప్పటికే తెరిచి ఉన్నట్టు. నేర్చుకోవడానికి కొంటున్న మీకు అది లాభమే, అన్‌లాక్ కోసం ఎదురుచూసే పని తప్పుతుంది. అయితే ముందు వాడినవాళ్లు ఏమేం చెరిపారో తెలియదు కాబట్టి సెన్సర్లు, వైఫై, బ్లూటూత్, ఫేస్ అన్‌లాక్ అన్నీ ఒకసారి పరీక్షించండి.

కొన్నాక, ఏ రోమ్ వేయాలా అని వెతకడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. రికవరీ (ఆండ్రాయిడ్ తెరుచుకోకుండానే పనిచేసే మరమ్మతు మెనూ)లోంచి ఈఎఫ్‌ఎస్, పెర్సిస్ట్ పార్టిషన్ల బ్యాకప్ తీసి కంప్యూటర్‌లో, ఇంకో చోట కూడా దాచండి. నెట్‌వర్క్ గుర్తింపు, సెన్సర్ల కాలిబ్రేషన్ వీటిలో ఉంటాయి. ప్రతి ఫోన్‌కూ వేరు. వీడియో చూసి రికవరీలో కనిపించిన ప్రతి పెట్టెకూ టిక్ పెట్టి తుడిచేసిన ఒక విద్యార్థి మా దగ్గరికి వచ్చాడు. నెట్‌వర్క్ లేదు, ఐఎంఈఐ చోట ఖాళీ. పైగా ఎవరిదో పెర్సిస్ట్ ఫైలు నెట్‌లో దించి వేశాడు, దాంతో సెన్సర్లూ దెబ్బతిన్నాయి. బ్యాకప్ ఉంటే కాసేపట్లో అయ్యే పని. లేకపోతే "ఐఎంఈఐ రాసిపెడతాం" అనే చోట్లకు వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి. ఐఎంఈఐ మార్చడం మన దేశంలో జైలు శిక్ష పడే నేరం.

దీనికి బదులు ఇంకేమైనా చూడాలా అంటే, వన్‌ప్లస్ 6 మీ పనికి ఇంతే మంచిది. అదే చిప్, అమోలెడ్ డిస్‌ప్లే. అన్‌లాక్‌కు అనుమతి అడగక్కర్లేదు, కంప్యూటర్ నుంచి ఒక ఫాస్ట్‌బూట్ కమాండ్ చాలు. కాకపోతే బ్యాటరీ 3300 ఎంఏహెచ్, వెనుక గాజు, డిస్‌ప్లే పగిలితే ఖర్చు బాగా ఎక్కువ. 6టీ కొనేటట్టయితే అమెరికా టీ-మొబైల్ వేరియంట్ కాకుండా చూసుకోండి, దానికి అన్‌లాక్ దారి వేరు.

రోజువారీ ఫోనూ అదే, ప్రయోగాలూ దాంట్లోనే కావాలని గట్టిగా అనుకుంటే పిక్సెల్ ఒక్కటే దారి. గ్రాఫీన్‌ఓఎస్ అనే, భద్రత మీద దృష్టి పెట్టిన రోమ్ వేశాక బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేసుకోగలిగేది అందులోనే. అలా చేసినా గూగుల్ సర్టిఫికేషన్ తప్పనిసరిగా అడిగే యాప్‌లు కొన్ని తెరుచుకోవు, కానీ భద్రత మాత్రం నిజంగా ఉంటుంది. పాతవాటిలో పిక్సెల్ 6ఎకు అప్‌డేట్లు 2027 జులై దాకా ఉన్నాయి. అయితే దాని బ్యాటరీలు వేడెక్కే సమస్య వల్ల 2025 జులైలో గూగుల్ ఒక తప్పనిసరి అప్‌డేట్ ఇచ్చింది. ఆ సమస్య ఉన్న ఫోన్లలో 400 చార్జింగ్ సైకిళ్లు దాటితే అది కెపాసిటీ తగ్గిస్తుంది. అడిగి కొనండి. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో పాత పిక్సెల్ పంపిస్తామంటే, వెరిజాన్‌లో కొన్నది కాదు కదా అని ముందే అడగండి. వెరిజాన్ పీసుల్లో ఓఈఎం అన్‌లాకింగ్ బటన్ బూడిద రంగులోనే ఉండిపోతుంది, ఎంత నొక్కినా పనిచేయదు.

మీ బడ్జెట్ పది వేలే, ఇప్పుడున్న ఫోన్ పాడైపోయింది అంటే ముందు కొత్త ఫోనే కొనండి. పోకో తర్వాత కూడా దొరుకుతుంది, ధర పెరిగే వస్తువు కాదు. ఉన్న ఫోన్ బాగానే ఉంటే బ్యాంకుకు ఇచ్చిన సిమ్‌ను అందులోనే ఉంచి, పోకోలో వైఫై మీద, కావాలంటే ఒక చిన్న రీచార్జ్ సిమ్‌తో ఆడుకోండి. మొదట లినేజ్ఓఎస్ వేసి కొన్నాళ్లు వాడండి, రూట్ తర్వాత. ఆ తర్వాత సొంతంగా కెర్నల్ బిల్డ్ చేయడం. లినక్స్ వైపు వెళ్లడం చివర్లో.

పీసు చూసి వచ్చాక లోగో కింద ఏముందో, ఎంఐయూఐ వెర్షన్ ఎంతో, చార్జింగ్‌లో టచ్ ఎలా ఉందో రాయండి. దాన్ని బట్టి ఏ ఫర్మ్‌వేర్ మీద ఏ బిల్డ్ వేయాలో చెబుతాను.